రుచి చెప్పు తాతా

వాద్సో ఊళ్ళో డిసెంబరు ఎనిమిది గంటలకి
తెల్లారిందని నమ్మేది గడియారం ఒక్కటే.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో
ఆసుపత్రి రాత్రి డ్యూటీ దిగి
గుమ్మంలో బూట్ల మంచు దులుపుతుంటే
మా వంటింటి కిటికీ
ఎవరో ఆర్పడం మరిచిన బొగ్గులా ఉంది.

లోపల అందరూ పిండిలో ఉన్నారు.
సిండ్రె మోచేతుల దాకా,
తొమ్మిదేళ్ళ ఈవర్ కనుబొమల దాకా,
ఇక ఎంబ్లా సంగతి చెప్పక్కర్లేదు,
దాన్ని దులిపితే ఇంకో వాఫుల్ అవుతుంది.

బల్ల మీద మూడు గిన్నెలు.
పాలకూర రుబ్బి కలిపింది
ఆటు దిగాక రాళ్ళ మీది నాచులా.
క్యారెట్ తురుము ఓట్స్ పిండితో చేరి
చారల చారల పసుపు నారింజ.
బీట్‌రూట్ గిన్నె మాత్రం
నేనిప్పుడే వదిలొచ్చిన గదిని గుర్తుచేసింది,
చూపు తిప్పేసుకున్నాను.

"వాఫుల్లో కూరగాయలా?
ఇంకేం, పడవలో మేకల్ని కట్టండి"
అన్నాడు మూలన కుర్చీలోంచి
మా మామగారు తూర్లైఫ్.
ఆయన గొంతుకి రేడియేషన్ ఇచ్చాక
ఈ శరత్తులో రుచి ఎటో వెళ్ళిపోయింది.
కాఫీ అట్టముక్కట.
చేప తడి అట్టముక్కట.
పదకొండు కిలోలు తగ్గాడు.
ఆయన బెల్టుకి కొత్త బెజ్జాలు
సిండ్రె మేకుతో పొడుస్తున్నాడు,
ఒక్కొక్కటీ పొడిచినప్పుడు పళ్ళు బిగబట్టి.

ఈ రంగులన్నీ ఎందుకని అడిగితే
ఎంబ్లా నన్ను వింతగా చూసింది:
"తాత నాలుక పనిచెయ్యట్లేదు కదమ్మా.
కళ్ళకి పెడుతున్నాం."

పెనం మాత్రం అత్తగారిది.
ఐదు హృదయాల పోత ఇనుము,
గూడ్ని పోయాక మూడేళ్ళు అటక మీదే ఉంది.
మొదటి వాయి దానికే అంటుకుంది,
గీకి గీకి ఈవరే తినేశాడు.
రెండోది విరిగింది.
మూడోదానికి ముందు సిండ్రెకి గుర్తొచ్చింది,
ఏలకులు వెయ్యలేదని.

చిన్న కంచు రోట్లో దంచుతుంటే,
టక్ టక్ టక్కు టక్,
తూర్లైఫ్ తల తిప్పాడు.
వాసన అందే ముక్కు కాదది,
అయినా ఆ చప్పుడు ఎవరిదో ఆయనకి తెలుసు.
ఎవ్వరూ ఏమీ అనలేదు.
సిండ్రె అవసరానికి మించి దంచుతూనే ఉన్నాడు.

పళ్ళెంలోకి మొదట ఎర్ర హృదయం పడింది.
"ఎలా ఉంది?"
చాలాసేపు నమిలాడు.
"కరకర."
"అది చప్పుడు తాతా! రుచి చెప్పు!"
"నాకు మిగిలింది అదేనే పిల్లా."

పచ్చది కాస్త కొరికి పక్కన పెట్టాడు,
దాన్ని గొర్రెలకి వెయ్యమన్నాడు.
మాకు గొర్రెల్లేవు.
నారింజది మటుకు
దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని
గళ్ళలోంచి వెలుగు కారుతుంటే చూశాడు.
"సూర్యుడు ఎప్పటికొస్తాడన్నారు?"
"జనవరి మధ్యలో" అన్నాడు ఈవర్.
"అయితే ఇది బయానా అనుకుందాం"
అని మొత్తం తినేశాడు.
ఇంకోటి అడిగాడు.
అడిగాడు! సిండ్రె అట్లకాడ
గాల్లోనే ఆగిపోయింది కాసేపు.

ఆఖర్న పిల్లలు మూడు పిండులూ కలిపేశారు.
అది రేవు అడుగు బురద రంగుకి తిరిగి
ముట్టుకునే నాథుడు లేకుండా పడి ఉంటే
ఆయనే లాక్కుని, గోధుమరంగు చీజ్ ముక్క పరిచి,
"ఇది నా పాత పడవ రంగు" అన్నాడు.
రుచి గురించి ఎంబ్లా మళ్ళీ అడిగింది.
"ఉండవే, తింటున్నాను కదా."

వార్డులో అయితే చార్టు ఉంటుంది.
ఇంట్లో కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను,
తేదీ వేసి, కింద గీత గీసి:
ఏడు హృదయాలు.
పచ్చది సగం లెక్కెయ్యలేదు.

గిన్నెలు ఎవరూ కడగలేదు.
బీట్‌రూట్ వేళ్ళతో ఎంబ్లా
నా యూనిఫాం పట్టుకు లాగుతుంటే
లాగనిచ్చాను.